ఒక గుక్క తక్కువ

"ఐదున్నరకి ఆవిణ్ణి తీసుకెళ్ళిపోతాను బావా. ఈలోపు నువ్వు చూసుకునేదేదో చూసుకో" అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి గడియారం తెచ్చి డిటెక్టివ్ మొహం ముందు పెట్టి.

గడియారంలో నాలుగూ నలభై.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ భార్యకి స్వయానా తమ్ముడు. పోలీసు పరీక్షలకి చదువుకుంటూ మూడేళ్ళు వాళ్ళింట్లోనే తిన్నాడు, వాళ్ళింట్లోనే పడుకున్నాడు. గాజు మీద వేలిముద్ర ఎలా తీయాలో, అబద్ధం చెప్పేవాడు చేతులు ఎక్కడ దాచుకుంటాడో, అన్నీ బావ దగ్గర నేర్చుకున్నవే. అలాంటివాడు కిందటేడు బావ తేల్చిన కేసుకి మెడల్ మాత్రం తన మెడలో వేయించుకున్నాడు. ఆ ఫొటో ఇప్పుడు డిటెక్టివ్ ఇంట్లోనే, ముందు గదిలో టీవీ పైన వేలాడుతోంది. తగిలించింది భార్య. పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ తలెత్తితే అదే కనిపిస్తుంది. అందుకని తలెత్తకుండా చెప్పులు వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు పాపం.

"ఐదున్నరే ఎందుకురా?" అడిగాడు డిటెక్టివ్.

"అప్పుడే కదా నామినేషన్లు వచ్చినవాళ్ళంతా ముందు గేటు దగ్గర ఎర్ర తివాచీ మీద నడిచేది. నలభై కెమెరాలుంటాయి. చట్టం తన పని తాను చేసుకుపోతుందని జనానికి తెలియొద్దూ?"

"చట్టం మొహం ఎలా ఉంటుందో కూడా తెలియాలి మరి. ఏదీ, పొద్దున గడ్డం గీసుకున్నావా?"

"గీసుకున్నా బావా. అక్క అడిగితే చెప్పు" అని నవ్వాడు ఇన్‌స్పెక్టర్. ఆ నవ్వు చూస్తే డిటెక్టివ్‌కి ఒళ్ళు మండిపోయింది.

సంగతి ఇదీ. ఏటా జరిగే సినిమా అవార్డుల సభ ఆ సాయంత్రం ఆరింటికి. ఉత్తమ దర్శకత్వానికి నామినేషన్ వచ్చిన ఐదుగురిలో ఒకే ఒక్క ఆడది, ముప్పై రెండేళ్ళ దర్శకురాలు, మధ్యాహ్నం రిహార్సల్ విరామంలో స్టేజీ వెనక మూడో నంబరు గదిలో సోఫా మీద ఒరిగిపోయి దొరికింది. కడుపులో నిద్రమాత్రలు, ఒకటీ రెండూ కాదు, ఆరు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. ప్రాణం ఉంది, స్పృహ లేదు. ఇంకో అరగంట ముందు తెచ్చి ఉంటే ఇంత ముప్పు ఉండేది కాదని డాక్టర్ విసుక్కున్నాడట.

ఆ గదిలోకి జ్యూసు గ్లాసు తీసుకెళ్ళింది దర్శకురాలి సొంత అక్క. ఇరవై ఏళ్ళుగా ప్రతి సినిమాలో హీరోకి అక్కగా వేసీ వేసీ ఆమె అందరికీ పెద్దక్క అయిపోయింది. ఆమెకీ ఈ ఏడు ఉత్తమ సహాయ నటిగా నామినేషన్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పట్టుకెళ్తానంటున్నది ఆమెనే.

పెద్దక్క ఏడో నంబరు గదిలో అద్దం ముందు కూర్చుని ఉంది. జుట్టు సగం దువ్వి సగం వదిలేసి ఉంది. దువ్వే అమ్మాయిని పోలీసులు బయటికి పంపేశారు.

"నాకు ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే సార్. ఆ ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకే అర్థమైంది, ఆయనతో వాదించి లాభం లేదని. ఆయనకి గిట్టనివాళ్ళెవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే మీ గురించి చెప్పారు."

ఆ మాట డిటెక్టివ్ చెవులకి చల్లగా తగిలింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"జ్యూసు ఎన్నింటికి ఇచ్చారు?"

"ఒకటీ ఇరవై ఐదుకి క్యాంటీన్లో రెండు గ్లాసులు తీసుకున్నా. నాకొకటి, దానికొకటి. దాని బల్ల మీద పెట్టి వస్తుంటే కెమెరావాళ్ళు లోపలికి వస్తున్నారు. ఒంటిగంటన్నర అయ్యుంటుంది."

"తర్వాత?"

"తర్వాత ఈ గదిలోనే కూర్చున్నా. రెండూ ఇరవై ఐదుకి మళ్ళీ రిహార్సల్‌కి పిలుస్తున్నారు, దాన్ని కూడా తీసుకెళ్దామని వెళ్ళా. లేపితే లేవలేదు. కేకలు పెట్టాను. అందరూ వచ్చారు."

"మధ్యలో అటు వెళ్ళలేదు?"

"లేదు."

"పోయిన వారం క్యాంటీన్లో అందరి ముందూ మీ చెల్లెల్ని ఏమన్నారు?"

పెద్దక్క దాచలేదు. "నువ్వు స్టేజీ ఎక్కితే కింద కూర్చుని చప్పట్లు కొట్టే ఖర్మ నాకొద్దు అన్నాను. దాని సినిమాలో తల్లి వేషం ఇంకొకరికి ఇచ్చింది సార్. నాకెందుకివ్వలేదే అంటే, నీకు ఆ బరువు లేదక్కా అంది. మా అమ్మ పనికి పోతే దాన్ని చంకనేసుకుని పెంచింది నేను. నాకు బరువు లేదట!"

"అయితే చెల్లెలంటే కుళ్ళుందన్నమాట."

"ఉంది. లేదంటే మీరు నమ్ముతారా? ఇరవై ఏళ్ళకి మొదటిసారి నాకు నామినేషన్ వచ్చింది. పొద్దున్నించి పదకొండు మైకులు పెట్టారు నా ముందు. పదకొండుమందీ ఒకటే అడిగారు, మీ చెల్లెలికి వస్తుందంటారా అని. కడుపు మండిపోయింది సార్. కానీ మండితే మాత్రం విషం పెడతామా?"

డిటెక్టివ్ ఆమెని నమ్మేశాడు. ఇంత బాహాటంగా కుళ్ళుని ఒప్పుకున్నవాళ్ళని అతను తన వృత్తిలో చూడలేదు. తనే ఒప్పుకోలేదు ఎన్నడూ. టీవీ పైన ఆ ఫొటో గురించి భార్య అడిగినప్పుడల్లా "బాగుంది, ఇంకాస్త పైకి పెట్టు" అంటూ వచ్చాడు.

"ఐదున్నరకి మీరు ఆ తివాచీ మీద నడుస్తారు" అన్నాడు లేస్తూ.

"నడవకపోతే నన్ను బేడీలతో చూస్తారు సార్ జనం. రేపు నిర్దోషినని తేలినా ఆ బొమ్మే గుర్తుంటుంది వాళ్ళకి."

నాలుగూ యాభై ఐదు. మూడో నంబరు గది.

గది చిన్నది. సోఫా, దాని ముందు అద్దపు బల్ల, గోడకి అద్దం, మూలన చేతులు కడుక్కునే తొట్టి. బల్ల మీద అవార్డు వస్తే చదవాలని దర్శకురాలు రాసుకున్న కాగితం, దాని మీద మడిచిన కళ్ళజోడు, మూత తీసిన పెన్ను, పక్కన బత్తాయి జ్యూసు గ్లాసు. గ్లాసు అంచుకి ఒక వేలెడు కిందిదాకా జ్యూసు ఉంది. స్ట్రా ఎడమవైపుకి వంగి ఉంది.

"వేలిముద్రలవాళ్ళు పని ముగించి వెళ్ళారు. గ్లాసు మీద ఒక్క ముద్ర లేదు, పెద్దక్క తుడిచేసింది. ల్యాబువాళ్ళు ఆరు దాటాక వచ్చి గ్లాసు తీసుకెళ్తారు. నువ్వు చెయ్యి మాత్రం పెట్టకు బావా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి.

"గ్లాసు పట్టుకోవడం ఎలాగో నీకు నేర్పింది ఎవర్రా?"

"నువ్వే. పట్టుకోకూడదని కూడా నువ్వే నేర్పావు."

డిటెక్టివ్ తలుపు మూసి చూశాడు. తలుపు లోపలివైపు టేపుతో అంటించిన ఫొటో ఒకటుంది. ఇదే గది, ఇదే బల్ల, సోఫాలో కూర్చుని కాగితం వంక చూస్తున్న దర్శకురాలు. కింద నీలం సిరాతో సమయం రాసి ఉంది, ఒకటీ ముప్పై ఎనిమిది.

"ఇదేంటి?"

"షో మొదలవగానే కెమెరా ఈ గదులన్నీ ఒక చుట్టు చుట్టి స్టేజీ మీదికి వెళ్తుందట. మధ్యాహ్నం దాని రిహార్సల్. గదులు అప్పుడెలా ఉన్నాయో సాయంత్రం అలాగే ఉండాలని కంటిన్యూటీ మేడమ్ ప్రతి తలుపుకీ ఇలా ఫొటో అంటించింది. అందరూ డేగకన్ను అంటారే, ఆవిడ."

డిటెక్టివ్‌కి ఆ పని తెలుసు. సినిమాలో ఒకే సీనుని ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి నెలల తేడాతో తీస్తారు. మొదటి ముక్కలో ఎడమ చేతికున్న గాజు రెండో ముక్కలో కుడి చేతికి మారిపోకుండా కాపలా కాసేవాళ్ళే కంటిన్యూటీవాళ్ళు. కొన్నేళ్ళ క్రితం ఈ దర్శకురాలు కూడా డేగకన్ను దగ్గర అసిస్టెంటుగా చేసిందని పేపర్లో చదివిన గుర్తు.

"మీవాళ్ళు గదిలోకి రాగానే తీసిన ఫొటో ఉందా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ అందించాడు. రెండూ నలభైకి తీసిన ఫొటో. డిటెక్టివ్ ఫోన్‌ని తలుపు మీది ఫొటో పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"చూడు" అన్నాడు.

"చూశా. సోఫాలో మనిషి లేదు గానీ బల్ల రెండింట్లోనూ ఒకటే."

"అదేరా నాకు నచ్చనిది. గంటసేపు ఒక మనిషి ఈ గదిలో ఉంది. జ్యూసు తాగింది, కాగితం చదువుకుంది, మత్తొచ్చి తూలింది. కళ్ళజోడు కదల్లేదు, పెన్ను కదల్లేదు, స్ట్రా కూడా తిరగలేదు. జ్యూసు చుక్క తగ్గలేదు. కడుపులో ఎంత జ్యూసు ఉందన్నాడు డాక్టర్?"

ఇన్‌స్పెక్టర్ నసిగాడు. "గ్లాసుకి తక్కువ ఉండదన్నాడు."

"మరి ఈ గ్లాసు నిండుగా ఉందేం?"

"పెద్దక్క రెండు గ్లాసులు కొన్నది కదా. రెండూ చెల్లెలికే తాగించి..."

"రెండోది ఖాళీ అయి ఆవిడ గదిలో ఉంది, ఆవిడ పెదాల రంగుతో సహా. కళ్ళు మెడల్ మీదే కాదు, వస్తువుల మీద కూడా పెట్టాలి బావమరిదీ."

ఇన్‌స్పెక్టర్ మొహం మాడింది. "ఎప్పుడూ ఆ మెడల్ గొడవేనా బావా? వద్దంటే తిరిగిచ్చేవాణ్ణి కదా. ఒక్కసారైనా అడిగావా?"

డిటెక్టివ్ క్యాంటీన్‌కి నడిచాడు, బావమరిది వెనకే వచ్చాడు.

క్యాంటీన్‌లో జ్యూసులు తీసే మనిషి చేతులు కట్టుకుని యుద్ధానికి సిద్ధంగా ఉన్నాడు. "నా జ్యూసులో పండు, నీళ్ళు, పంచదార తప్ప ఏమీ ఉండవు సార్. కావాలంటే మీరే తాగండి, ఇప్పుడే, నా కళ్ళ ముందు."

"తర్వాత తాగుతాలే. పెద్దక్క రెండు గ్లాసులు తీసుకుందా?"

"ఒకటీ ఇరవై ఐదుకి. అప్పుడే రేడియోలో వార్తలు అయిపోయాయి."

"ఆ తర్వాత బత్తాయి జ్యూసు ఎవరు తీసుకున్నారు?"

"ఇంకెవరూ... ఆఁ, డేగకన్ను మేడమ్ తీసుకున్నారు. రెండు కావడానికి పది నిమిషాలుంది. ఆవిడకి షుగరు సార్, పదేళ్ళుగా పంచదార లేని టీ తప్ప తాగగా చూళ్ళేదు. ఎవరికమ్మా అని అడిగాను."

"ఏమంది?"

"ఫ్రేముకి అంది."

 డిటెక్టివ్ పక్కనే నిలబడ్డ బావమరిది వంక తిరిగి, కావాలనే నెమ్మదిగా, "విన్నావా? ఇప్పుడు ఆవిణ్ణి మూడో గదికి పిలిపించు. ఏం చెప్పొద్దు. రిహార్సల్ ఫొటో గురించి ఒక మాట అడగాలని మాత్రం చెప్పు" అన్నాడు.

ఆమె వచ్చేలోపు డిటెక్టివ్ రెండు పనులు చేశాడు. తలుపు మీది ఫొటో ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీది పెన్నుని కాగితానికి కుడివైపు నుంచి ఎడమవైపుకి జరిపాడు.

"బావా! సాక్ష్యం!" అని గుడ్లురిమాడు ఇన్‌స్పెక్టర్.

"నోరు మూసుకుని చూస్తూ ఉండు."

ఐదూ ఇరవైకి డేగకన్ను లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉంది. మెడలో కెమెరా, చేతిలో అట్ట, అట్టకి గుచ్చిన కాగితాలు. గదిని ఒక్క చూపుతో మొత్తం తడిమేసింది.

"కూర్చోండమ్మా. ఎన్నాళ్ళుగా చేస్తున్నారు ఈ పని?"

"ఇరవై ఎనిమిదేళ్ళు. నూట పన్నెండు సినిమాలు."

"మీ పనికి అవార్డు ఉందా?"

"లేదు. మేం తప్పు చేస్తేనే జనానికి కనిపిస్తాం. చేయకపోతే మేమున్నట్టే తెలియదు."

"దర్శకురాలు మీ దగ్గర పని నేర్చుకుంది కదా?"

"నాలుగేళ్ళు. కెమెరా ఎటు పెట్టాలో, ఏ ముక్క ఏ ముక్కకి అతుకుతుందో నేనే చెప్పాను. మొదట్లో ఆ పిల్లకి కుడీ ఎడమా కూడా..."

చెబుతూనే ఆమె ముందుకి వంగింది. మాట ఆపలేదు, చూపు డిటెక్టివ్ మీంచి తిప్పలేదు. చెయ్యి మాత్రం తన దారిన తాను వెళ్ళి, పెన్నుని ఎడమవైపు నుంచి తీసి కుడివైపు పెట్టింది. పెట్టి, దాని మొనని కిటికీవైపుకి కాస్త తిప్పింది.

 డిటెక్టివ్ జేబులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఫొటోలో పెన్ను మొన కిటికీవైపే ఉంది.

"చెయ్యి ఆగలేదు కదమ్మా?" అన్నాడు.

డేగకన్ను తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"మధ్యాహ్నం కూడా ఆగలేదు. మందు కలిపిన గ్లాసు తీసేసి, ముద్రలు లేకుండా తుడిచి మంచి జ్యూసు గ్లాసు పెట్టారు, బాగానే ఉంది. ఆ పిల్ల వారం రోజులుగా నిద్రలేకుండా ఉంది, అలిసిపోయి పడుకుందని అనుకునేవాళ్ళం. ఖాళీ గ్లాసు పెట్టినా అడిగేవాళ్ళం కాదు, సగం గ్లాసు పెట్టినా అడిగేవాళ్ళం కాదు. కానీ రిహార్సల్లో కెమెరా కోసం తను ఒక గుక్క తాగింది. ఫొటోలో ఆ గుక్క తక్కువుంది. అందుకని మీరు కొత్త గ్లాసులోంచి సరిగ్గా ఒక గుక్క తొట్టిలో పారబోశారు. స్ట్రా ఎడమకి వంచారు. నేరం చేయడానికి వచ్చి సీను సర్ది వెళ్ళారమ్మా. ఇంకెవరూ చేయరు ఇలాంటి పని."

ఆమె ఏడవలేదు. అట్ట ఒళ్ళో పెట్టుకుని, కాగితాల అంచులు సరిచేసుకుంది.

"ఆ కాగితం చదివారా మీరు?" అని అడిగింది, బల్ల మీది ఉపన్యాసం చూపిస్తూ. "పన్నెండింటికి బల్ల సర్దుతుంటే చదివాను. పద్నాలుగుమందికి కృతజ్ఞతలు చెప్పింది. కారు డ్రైవరు ఉన్నాడు. తన పిల్లి ఉంది. పిల్లి సార్! నేను లేను. పైన ఏం రాసిందో చూశారా? ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు, చీకటి హాల్లో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను అని."

"అందుకని మాత్రలు కలిపారు."

"నా మాత్రలే. నాకు నిద్ర పట్టదు, ఎప్పుడూ సంచిలో ఉంటాయి. ఫొటో తీసేటప్పుడు వేశాను. చంపాలని కాదు. నా మీద ఒట్టు. తన పేరు పిలిచినప్పుడు కుర్చీ ఖాళీగా ఉండాలి. అంతే. ఒక్కసారి తను కూడా ఫ్రేములో లేకుండా పోవాలనుకున్నా."

ఆ మంట ఏమిటో డిటెక్టివ్‌కి తెలుసు. గుండెల్లో ఏ మూల మొదలవుతుందో, ఎంత పొద్దుపోయేదాకా ఆరదో కూడా తెలుసు. ఒక్క క్షణం ఆమె మీద జాలేసింది. ఆమె కూర్చున్న కుర్చీలో తను కూర్చున్నట్టే అనిపించి, గబుక్కున చూపు తిప్పుకున్నాడు.

"గ్లాసు మార్చి ఎన్నింటికి బయటికి వచ్చారు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్, పుస్తకం తీసి.

"ఒకటీ యాభై ఐదు. అప్పటికి మగతలో ఉంది, ఊపిరి బాగానే తీస్తోంది. నాకేం భయం వేయలేదు. వరండా చివర పెద్దక్క ఇటే వస్తూ కనిపించింది కూడా. సరే, అక్క వస్తోంది, చూసుకుంటుందిలే అనుకుని వెళ్ళిపోయాను."

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. "పెద్దక్కా? ఒకటీ యాభై ఐదుకా? బావా, ఆవిడ రెండూ ఇరవై ఐదు అని కదా..."

"వరండాలో గదులు పన్నెండు ఉన్నాయిరా! ఏదో ఒక గదికి వెళ్తూ ఉంటుంది" అని అడ్డుకున్నాడు డిటెక్టివ్. "ఓడిపోయావు, ఒప్పుకో. ఇంకా ఆ మనిషిని పట్టుకు లాగుతావేం? దోషి నీ ముందు కూర్చుంది. రాసుకో."

ఇన్‌స్పెక్టర్ బావ వంక ఒక్క క్షణం చూశాడు. తల వంచి రాసుకున్నాడు. పదిహేనేళ్ళలో బావమరిది తన ముందు అలా తల వంచడం డిటెక్టివ్ చూడలేదు. కడుపు నిండా భోజనం చేసినట్టు ఉంది.

ఐదూ ఇరవై ఎనిమిదికి ఏడో నంబరు గది తలుపు తట్టి, "మీరు వెళ్ళొచ్చు" అన్నాడు. పెద్దక్క రెండు చేతులతో అతని చేతులు పట్టుకుంది.

"చెల్లెలు ఆస్పత్రిలో ఉంటే వెళ్తావా అంటారు సార్ అందరూ. అన్నా సరే. ఇరవై ఏళ్ళు ఎదురుచూశాను. వచ్చినా రాకపోయినా అరగంటలో లేచి నేరుగా దాని దగ్గరికే పోతాను. కానీ అక్కడ కాపలా ఉన్న లేడీ కానిస్టేబుల్ నన్ను లోపలికి రానివ్వదటగా?"

"ఎందుకు రానివ్వదు?" అన్నాడు డిటెక్టివ్ గొంతు పెంచి, వెనక నిలబడ్డ బావమరిదికి వినపడేలా. "ఏరా, ఒక చీటీ రాసివ్వు. పెద్దక్కని ఎప్పుడొచ్చినా లోపలికి పంపమని. కాపలా కూడా తీసెయ్."

"కాపలా రేపటిదాకా ఉండనీ బావా. దర్శకురాలు కళ్ళు తెరిచి ఒక మాట చెప్పాక..."

"దేనికి? దోషి నీ జీపులో ఉంది. ఇంకా కాపలా అంటే నీకు కేసు అర్థం కాలేదని అర్థం. రాయి."

ఇన్‌స్పెక్టర్ రాశాడు. సంతకం పెట్టి, ఆ చీటీ బావ చేతికే ఇచ్చాడు. డిటెక్టివ్ దాన్ని పెద్దక్కకి అందించాడు.

పెద్దక్క తివాచీ మీద నడిచింది. ఆరింటికి షో మొదలైంది. మొదటి అవార్డే సహాయ నటిది. ఆరూ పన్నెండుకి ఆమె పేరు పిలిచారు. హాలంతా లేచి నిలబడింది. ఆమె బొమ్మని గుండెలకి హత్తుకుని, "ఇది నా చెల్లెలిది. ఇక్కణ్ణుంచి దాని దగ్గరికే వెళ్తున్నాను" అంది. మైకులో ఆ మాట వణికింది. ఆరూ ఇరవైకల్లా ఆమె కారు గేటు దాటింది.

ఆరున్నరకి విలేకరులు డిటెక్టివ్‌ని చుట్టుముట్టారు. అతని జీవితంలో ఇన్ని మైకులు ఎప్పుడూ రాలేదు. ఒక గుక్క తక్కువ ఉన్న గ్లాసు సంగతి మొదటిసారి క్లుప్తంగా చెప్పాడు. రెండోసారి పెన్ను సంగతి కలిపాడు. మూడోసారికి బావమరిది ఎక్కడెక్కడ పప్పులో కాలేశాడో కూడా కలిపి చెప్పాడు. జనం నవ్వుతుంటే భలే హాయిగా ఉంది. ఇంట్లో టీవీ ముందు భార్య కూర్చుని చూస్తూనే ఉంటుందనుకున్నాడు.

"బావా."

ఇన్‌స్పెక్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి బావకి ఇచ్చాడు.

"ఆస్పత్రిలో కాపలా ఉన్నావిడ. నువ్వే విను."

డిటెక్టివ్ ఫోన్ అందుకున్నాడు. అవతల బస్సు చప్పుడు వినిపిస్తోంది. "సార్, డ్యూటీ దిగే ముందు ఆ దర్శకురాలమ్మకి కాస్త తెలివొచ్చింది. మగతలో ఏదో గొణిగింది. మత్తులో మాటలనుకుని వచ్చేశాను. బస్సెక్కాక మనసొప్పలేదు, అందుకే చేస్తున్నా."

"ఏం చెప్పింది?"

"అక్క వచ్చింది అంది సార్. కళ్ళు మూతలు పడుతున్నాయట, నోరు తిరగలేదట. అక్కా, లేపు, అని ఎలాగో అన్నదట. వాళ్ళక్క గుమ్మంలోనే నిలబడి చూసిందట. చాలాసేపు చూసి, లైటు తీసేసి తలుపేసుకుని వెళ్ళిపోయిందట. అదే మాట రెండుసార్లు చెప్పింది సార్."

ఒకటీ యాభై ఐదు నుంచి రెండూ ఇరవై ఐదు దాకా. సరిగ్గా అరగంట. డాక్టర్ విసుక్కున్న అరగంట. బావమరిది కలం ఎత్తి అడగబోతే తను నోరు మూయించింది దాని గురించే. అక్క గుమ్మంలో నిలబడి చూసిందని లోకంలో ఒకే ఒక్క మనిషికి తెలుసు, ఆ మనిషి ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తోంది.

డిటెక్టివ్ ఫోన్ చెవికి అదుముకున్నాడు. "ఇప్పుడు ఆ గదిలో ఎవరున్నారమ్మా?"

"పెద్దక్కగారే సార్. ఇందాకే వచ్చారు. చీటీ చూపించారు, కాపలా అక్కర్లేదని ఉంటే నేను దిగిపోయాను. చెల్లితో కాసేపు ఒంటరిగా ఉంటానంటే నర్సు కూడా బయటికి వచ్చేసింది."

మైకులు ఇంకా అతని మొహం ముందే ఉన్నాయి. ఎవరో ఆ గ్లాసు సంగతి ఇంకోసారి చెప్పమంటున్నారు. డిటెక్టివ్ వాళ్ళని రెండు చేతులా తోసుకుంటూ జీపువైపు పరుగెత్తాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఇంకో ఫోన్ నుంచి ఆస్పత్రికి చేస్తూ పక్కనే పరుగెత్తుతున్నాడు. అవతల రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

"ఎవరూ లేరేంట్రా అక్కడ?" అని అరిచాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ దెప్పిపొడవలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు.

"కాపలా తీయించింది నువ్వే కదా బావా."